అయ్యరుగారు మా ఇంటికి వచ్చిన రోజు

మా నాయన అచ్చాఫీసులో కంపోజిటరు. చింతాద్రిపేటలో, అరుణాచల నాయకర్ వీధికి దగ్గరలో ఒక చిన్న ప్రెస్సు. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, బడులకు కావలసిన ఫారాలు, ఇవే అక్కడి పని. ఇంగ్లీషు అక్షరాలను తలకిందులుగా పేర్చడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పేర్చిన వాక్యానికి అర్థమేమిటంటే మాత్రం చెప్పలేడు. ఇంగ్లీషులో సంతకం చేస్తాడు, తమిళం చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు. మద్రాసు తెలుగువాళ్ళలో ఆ తరంవారికి ఇది వింతేమీ కాదు.

1967 జూన్‌లో నన్ను ఆరో తరగతిలో చేర్చడానికి కూవం వంతెన దాటించి ఎగ్మోరు వైపు ఒక క్రైస్తవ మగపిల్లల బడికి తీసుకుపోయాడు. బడి పేరు ఇక్కడ అవసరం లేదు. గుమాస్తా ఒక అచ్చు ఫారం ఇచ్చాడు. అందులో కింద మూడు షరతులు. మూడోది, పిల్లవాడు బడి ప్రార్థనలకూ చాపెల్ ఆరాధనకూ హాజరు కావడానికి తండ్రిగా నాకు సమ్మతమే అని. మా నాయన చదవలేదు. "ఇట్లాంటివి రోజుకు నూరు అచ్చువేస్తామురా. వీటిలో ఏముంటుంది?" అని నవ్వి సంతకం పెట్టాడు.

ఆ సంతకం కథే ఇది.

ముందు మా పేట సంగతి రెండు మాటలు. చింతాద్రిపేట పుట్టిందే మగ్గాల కోసం. 1734లో, జార్జి మోర్టన్ పిట్ గవర్నరుగా ఉన్న కాలంలో, కంపెనీవారు తమ బట్టల వ్యాపారానికి నేతగాళ్ళనూ, నూలు వడికేవాళ్ళనూ, అద్దకంవాళ్ళనూ పిలిపించి కూవం వంపులో కూర్చోబెట్టారు. తరి అంటే తమిళంలో మగ్గం. చిన్న తరి పేట అన్నది నోళ్ళలో నలిగి చింతాద్రిపేట అయిందంటారు. వచ్చినవాళ్ళలో చాలామంది మనవాళ్ళు. మగ్గాలు పోయి ఎన్నో తరాలయింది. నాకు ఊహ తెలిసేసరికి చేపల అంగడీ, అచ్చాఫీసులూ, ఆదికేశవ పెరుమాళ్ కోవెలా, దాని పక్కనే శివుడి గుడీ ఉండేవి. అదే పేటలో జియోన్ చర్చి కూడా ఉండేది. మా అవ్వ దాని ముందునుంచి వెళ్ళవలసి వస్తే ఎదుటి పక్కకు దాటి నడిచేది. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

బడిలో బుధవారం మొదటి పీరియడు చాపెల్. ఆవరణలో ఒక మూలగా ఎర్ర ఇటుకల చిన్న కట్టడం. చర్చి వేరు, చాపెల్ వేరు అని మాకు మొదటి వారంలోనే చెప్పారు. చర్చికి ఒక ఊరో పేటో ఉంటుంది. చాపెల్‌కు ఒక బడో, ఆసుపత్రో, జైలో, పటాలమో ఉంటుంది. అక్కడ ఉండే పాదిరీని చాప్లిన్ అంటారు. చర్చికి వచ్చేవాళ్ళు కావాలని వస్తారు. చాప్లిన్ ఎదుట కూర్చునేవాళ్ళు మాత్రం ఆ చోట ఉన్నందువల్ల కూర్చునేవాళ్ళు. మా తరగతిలో క్రైస్తవ పిల్లలు పదిమందికి మించరు. తక్కినవాళ్ళం నాయుళ్ళు, మొదలియార్లు, సేట్ల పిల్లలు, ఇద్దరు ముస్లింలు. అందరం వరసకట్టి లోపలికి పోయేవాళ్ళం, బూట్లతోనే. మా అవ్వ నమ్మలేనిది ఇదొక్కటే. "జోళ్ళతో గుళ్ళోకి పోనిస్తారా? ఇంకేం దేవుడురా వాడు!" అనేది.

లోపల చల్లగా ఉండేది. గోడకు చెక్క పలక, దానిమీద ఆ రోజు పాడవలసిన పాటల అంకెలు. కాలితో తొక్కే ఆర్గను. రెక్కలు చాచిన ఇత్తడి గద్ద, దాని వీపుమీద తెరిచి పెట్టిన పెద్ద బైబిలు. ఆరాధన ముప్ఫయి అయిదు నిమిషాలు. ముందు ఒక పాట. తరవాత కీర్తన, చాప్లిన్ ఒక పంక్తి చదివితే మేము ఒక పంక్తి. తరవాత పై తరగతి పిల్లవాడు ఒకడు గద్ద దగ్గరకు వెళ్ళి పాఠం చదివేవాడు. ఆపైన చాప్లిన్ ఏడెనిమిది నిమిషాలు మాట్లాడేవారు. ప్రార్థన, అందరం కలిసి పరలోక ప్రార్థన, మరో పాట, దీవెన. కళ్ళు మూసుకోమన్నప్పుడు మూసుకునేవాణ్ణి. లోలోపల గోవిందా గోవిందా అనుకునేవాణ్ణి. నా పక్కన కూర్చునే సేటు పిల్లవాడు ఆ వ్యవధిలో ఎక్కాలు వల్లించుకునేవాడు. పాటలంటే మాత్రం నాకు ఇష్టం. మూడొందల గొంతులు ఒక్కసారి లేస్తే ఒళ్ళు ఝల్లుమనేది. భాష తెలియకపోయినా ఆ లేవడం తెలిసేది.

చాప్లిన్ అంటే బుధవారం అంగీ తొడుక్కుని నిలబడే మనిషి అని మొదట అనుకున్నాను. ఆయన అసలు పని తక్కిన నాలుగు రోజుల్లో ఉండేది. క్రైస్తవ పిల్లలకు స్క్రిప్చరు, తక్కినవాళ్ళకు నీతిబోధ తరగతులు ఆయనవే. హాస్టలు పిల్లల ఉత్తరాలు, కాన్ఫర్మేషనుకు తయారయ్యేవాళ్ళ పాఠాలు, జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూసిరావడం, అన్నీ ఆయనే. ఫీజు కట్టలేని పిల్లవాడి పేరు నోటీసు బోర్డు ఎక్కకముందే ఆఫీసు గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, మాట్లాడి వచ్చేవారు. ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి తండ్రి తాగి వస్తాడో ఆయనకు తెలిసేది. తెలుసునని ఎవరికీ తెలియనిచ్చేవారు కాదు. హెడ్మాస్టరు దగ్గర మార్కుల లెక్క ఉంటే, ఈయన దగ్గర మనుషుల లెక్క ఉండేది.

ఆయన నెల్లూరు వైపు మనిషి. మద్రాసులో ఇంగ్లీషులో ఆరాధన చేసి, తమిళంలో పిల్లలను పలకరించి, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడుకునే మనిషి. ఒకరోజు మెట్లమీద వేలు కొట్టుకుని నేను "అబ్బా, చచ్చానే" అని అరిస్తే వెనకనుంచి వచ్చి ఆగారు.

"తెలుగువాడివా? ఏ ఊరు?"

"చింతాద్రిపేట సార్."

"అది కాదయ్యా, అసలు ఊరు?"

"చింతాద్రిపేటే సార్."

ఆయన గట్టిగా నవ్వారు. ఈ ప్రశ్న ఎదుర్కోని మద్రాసు తెలుగువాడు ఉండడు. రెండొందల ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా మనకింకా ఎక్కడో అసలు ఊరు ఉండాలి కాబోలు. ఆ రోజునుంచీ ఎదురైనప్పుడల్లా ఆయన నాతో తెలుగే మాట్లాడేవారు. ఆయనది నిండైన తెలుగు. నాది సగం తమిళం కలిసిన తెలుగు. ఒక్కొక్క మాటకు ఆయన ఆగి, "దాన్ని మావైపు ఏమంటామంటే" అని చెప్పేవారు. నా మాటను తప్పని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఒక బుధవారం ఆయన చాప్లిన్ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పారు. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అని ఒక రోమను సిపాయి. చలిలో వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి తన పైవస్త్రాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడట. తరవాత అతను బిషప్పయ్యాడు. ఆ మిగిలిన వస్త్రాన్ని ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో చిన్న పైవస్త్రాన్ని కప్పెల్లా అంటారు. దాన్ని ఉంచిన చోటు చాపెల్ అయింది, కాపలా ఉన్నవాడు చాప్లిన్ అయ్యాడు. కథ చెప్పి ఆయన అడిగారు. "మొత్తం ఎందుకివ్వలేదు?" ఎవరూ జవాబు చెప్పలేదు. "మొత్తం ఇస్తే తనకు చలి. ఏమీ ఇవ్వకపోతే వాడికి చలి. సగమే సరైన కొలత," అన్నారు. అప్పుడు అది నాకు బట్టల లెక్కలాగే వినిపించింది.

1968 డిసెంబరులో నేను ఏడో తరగతి. క్రిస్మసు సెలవులకు ముందు కేరల్ సర్వీసు. తొమ్మిది పాఠాలు, వాటి మధ్య పాటలు. 1880లో ఇంగ్లండులో ట్రూరో అనే ఊళ్ళో మొదలై, 1918లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్‌కు వచ్చి, అక్కడినుంచి లోకమంతా పాకిన పద్ధతి అది. కేంబ్రిడ్జిలో దాన్ని ప్రవేశపెట్టిన మిల్నర్ వైట్ కూడా యుద్ధంలో పటాలానికి చాప్లిన్‌గా పనిచేసి తిరిగివచ్చినవాడే. పద్ధతి ప్రకారం మొదటి పాఠం చిన్నవాడు చదవాలి, చివరిది పెద్దవాడు. ఆ ఏడు మొదటి పాఠానికి ఇంగ్లీషు మాస్టారు నన్ను ఎంచుకున్నారు. నా ఉచ్చారణ బాగుంటుందని ఆయన అభిప్రాయం.

తోటలో దాక్కున్న ఆదామును దేవుడు పిలిచే ఘట్టం అది. పదిరోజులు మేడమీద నిలబడి గోడకు చెప్పుకున్నాను. మా అవ్వకు ఇంగ్లీషు రాదు. మనవడు పాఠం వల్లిస్తున్నాడని మురిసిపోయింది. పక్కింటి కుర్రవాడు వచ్చి, "అవ్వా, వీడు చర్చిలో బైబిలు చదవబోతున్నాడు," అని చెప్పేదాకా.

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అవ్వ నామీద కేకలు వేయలేదు. మా నాయనను పట్టుకుంది. "మా తాత చెప్పేవాడురా. మనవాళ్ళ పిల్లవాడే, చక్కగా చదువుకునేవాడు. ఇట్లాగే ఇస్కూలుకు పోయి ఒకరోజు ఇంటికి రాలేదు. తల్లి వాకిట్లో కూర్చుని పేరు పెట్టి పిలుస్తానే ఉందట. ఆ పేరు వాడిది కాకుండా పోయిందట." మా నాయనకు ఏం చెప్పాలో తెలియలేదు. ఫారం సంగతి ఆయనకు జ్ఞాపకమే లేదు.

మరునాడు నేను బడిలో చాప్లినుగారి గది ముందు నిలబడి ఏడ్చాను. అంతా విని ఆయన, "సాయంత్రం నేను వస్తాను. మీ ఇల్లు చూపించు," అన్నారు.

ఇక్కడ ఒక చిక్కు జరిగింది. తమిళ ప్రొటెస్టెంటులు తమ పాదిరీని ఐయర్ అంటారు, మన తెలుగువాళ్ళు అయ్యగారు అంటారు. బడిలో మేమందరం అయ్యరు అనే అనేవాళ్ళం. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి, "సాయంకాలం ఇస్కూలు అయ్యరుగారు వస్తున్నారు," అన్నాను. మా అవ్వ ఎవరో బ్రాహ్మణ పంతులు వస్తున్నారనుకుని వాకిలి కడిగి ముగ్గు వేసింది. చెంబుతో నీళ్ళు, తమలపాకులు, అరటిపళ్ళు సిద్ధంచేసి కూర్చుంది. తెల్ల అంగీ, మెడలో శిలువతో ఆయన గుమ్మం ముందు నిలబడేసరికి ఆమె చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది.

ఆయన చెప్పులు వీధిలోనే విడిచారు. "అమ్మా, నేను నెల్లూరివాణ్ణి. లోపలికి రావచ్చునా?" అన్నారు.

ఆ తెలుగుకో, విడిచిన చెప్పులకో, మా అవ్వ, "రండయ్యా," అంది. పళ్ళెం కింద పెట్టలేదు గాని ఇవ్వనూ లేదు.

ఆయన చాపమీద కూర్చున్నారు. మా అవ్వ సూటిగా అడిగింది. "మా పిల్లవాణ్ణి కలుపుకుంటారా అయ్యా?"

"లేదమ్మా."

"మీ పని అదే గదా?"

"నా పని పిల్లలను చూసుకోవడం. తండ్రికి తెలియకుండా ఒక పిల్లవాణ్ణి తీసుకుంటే నేను చూసుకున్నట్టు కాదు."

తరవాత మా నాయన వైపు తిరిగి, రాజ్యాంగంలో ఇరవై ఎనిమిదో అధికరణం ఒకటుందని చెప్పారు. సర్కారు గుర్తింపు ఉన్న బడి, లేదా సర్కారు సొమ్ము తీసుకునే బడి, ఏ పిల్లవాణ్ణీ మతబోధకూ ఆరాధనకూ బలవంతాన కూర్చోబెట్టకూడదు, మైనరయితే తండ్రి సమ్మతి ఉండాలి అని. మా నాయన గాభరాపడి, "నేను సంతకం పెట్టినట్టున్నాను గదండీ," అన్నాడు.

"చదివి పెట్టారా?"

"లేదు."

"చదవకుండా పెట్టింది సంతకమే గాని సమ్మతి కాదు. ఇప్పుడు చెప్పండి. మీవాడు చాపెల్‌కు రావాలా, వద్దా? ఏది చెప్పినా అది రాసి నేనే ఆఫీసులో ఇస్తాను."

మా నాయన అవ్వ ముఖం చూశాడు. నా ముఖం చూడలేదు. "వద్దండి," అన్నాడు.

ఆయన జేబులోంచి కాగితం తీసి, కింద కార్బను పెట్టి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశారు. ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పి, ఔనా అని అడిగి, ఔనన్నాక తరవాతిదానికి వెళ్ళారు. మా నాయన సంతకం పెట్టాడు. ఆయన లేచి బయలుదేరుతుంటే మా అవ్వ అరటిపళ్ళు చేతికిచ్చింది.

ఆ ఏడు మొదటి పాఠం వేరే కుర్రవాడు చదివాడు. నేను పదిరోజులు నేర్చుకున్నది గోడకే మిగిలింది. ఆయన మా ఇంటికి వచ్చినందుకు అప్పట్లో ఆయనమీద కోపం కూడా వచ్చింది. మా నాయనను నాలుగు మంచి మాటలతో ఒప్పించి ఉండవచ్చు గదా అని. ఆయన ఒప్పించగలిగే మనిషే. ఒప్పించలేదు.

సెలవుల తరవాత బుధవారం చాపెల్‌కు పోనివాళ్ళం ముగ్గురం. ఒక మాస్టారు మమ్మల్ని వరండాలో నిలబెట్టి లెక్కలు చేయించేవారు. హక్కు కాగితంమీద ఉంది, కాళ్ళనొప్పి మాకుంది. రెండో వారం చాప్లినుగారు అది చూసి ఏమీ అనలేదు. మూడో వారం చాపెల్‌ను ఆనుకుని ఉన్న వెస్ట్రీ గది తెరిపించి, అందులో మూడు కుర్చీలు వేయించారు. అంగీలు తగిలించే కొయ్యలు, పాత పాటల పుస్తకాలు, కొవ్వొత్తుల వాసన. తక్కిన ఇద్దరికీ కథల పుస్తకాలిచ్చారు. నా చేతిలో పెద్దబాలశిక్ష పెట్టారు.

"తెలుగు మాట్లాడతావు. రాయడం రాదు గదా. నేర్చుకో," అన్నారు.

గోడకు అవతల మూడొందల గొంతులు లేచేవి. ఇవతల నేను పలకమీద గుణింతం దిద్దేవాణ్ణి. ఆరాధన ముగించి, అంగీ విప్పుతూ, నా పలక చూసి దిద్దేవారు. వారానికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లోనే మద్రాసు తెలుగు చరిత్ర కొంత చెప్పారు. మా పేటలో మగ్గాలు దిగకముందే, 1726లో మద్రాసు వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మను పాదిరీ ఇక్కడి వీధుల్లోనే తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడని, 1732 నాటికి బైబిలంతా తెలుగుచేశాడని, ఆ బైబిలు అచ్చుకు నోచుకోలేదని. "ఆయనకు తెలుగు నేర్పినవాళ్ళు నీలాంటి మద్రాసువాళ్ళే. నెల్లూరువాళ్ళం కాదు," అనేవారు నవ్వుతూ. ఏడాది తిరిగేసరికి నేను కూడబలుక్కుని చదవగలిగాను. మా అవ్వకు పెద్దబాలశిక్షలోని కథలు చదివి వినిపిస్తే, "ఆ అయ్యరు నేర్పాడా?" అని రెండుసార్లు అడిగింది.

1970 ఏప్రిల్‌లో ఆయనకు బదిలీ అయింది. చివరి బుధవారానికి ముందు నన్ను పిలిచి ఒక మాట అడిగారు. వీడ్కోలు ఆరాధన అయిపోయాక అందరూ కూర్చునే ఉంటారని, ప్రార్థన ఏమీ ఉండదని, అప్పుడు నాలుగు మాటలు నేను తెలుగులో రాసి చదవాలని. "ఈ గోడల మధ్య ఇన్నేళ్ళున్నాను. ఒక్కసారి తెలుగు వినాలని ఉంది. మీ నాయనగారిని అడుగు. ఆయన సరేనంటేనే," అన్నారు.

నేను అడగలేదు. మూడొందలమంది ముందు తెలుగు చదివితే పిల్లలు నవ్వుతారని సిగ్గు. ఇంగ్లీషు పాఠం చదవడానికి లేని సిగ్గు నా భాష చదవడానికి వచ్చింది. మరునాడు వెళ్ళి, "నాయన వద్దన్నాడండి," అని చెప్పాను.

ఆయన ఒక క్షణం నన్ను చూశారు. "సరే," అన్నారు. అబద్ధమని ఆయనకు తెలిసిందనే నా నమ్మకం. పిల్లల ముఖాలు చదవడమే ఆయన ఉద్యోగం గదా. చాలా ఏళ్ళ తరవాత మాటల మధ్య ఇది మా నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "నన్నడిగి ఉంటే నేను కూడా వచ్చి కూర్చునేవాణ్ణి గదరా," అన్నాడు. మా నాయనకు ఆయన సంపాదించి ఇచ్చిన హక్కును నేను నా పిరికితనానికి ముసుగు చేసుకున్నాను.

పెద్దవాణ్ణయ్యాక, ఉద్యోగం నుంచి విరామం దొరికాక, మా అవ్వ భయానికి మూలం పుస్తకాల్లో వెతికాను. దొరికింది. 1837లో మద్రాసులో జాన్ ఆండర్సన్ పెట్టిన బడిలో 1841లో ముగ్గురు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. రాజగోపాల్, వెంకటరామయ్య, ఎత్తిరాజులు. మన వీధుల్లో నేటికీ వినిపించే పేర్లు. ఊరు అట్టుడికింది, బడి ఒక్కసారిగా పలచబడింది. ఆ బడే పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడిలో 1852లో ఇద్దరు కలిసినప్పుడూ అదే కథ. మా పేట జియోన్ చర్చిలో 1860లనుంచి చాలా ఏళ్ళు పాస్టరుగా ఉన్న డబ్ల్యు. టి. సత్యనాథన్ కూడా పుట్టుకతో తిరునెల్వేలి వైపు నాయుడు కుటుంబంవాడు. తిరువేంగడం ఆయన మొదటి పేరు. పాళయంకోట మిషను బడిలో చదువుతూ 1847లో క్రైస్తవుడయ్యాడు. ఆయనా, భార్య అన్నా కలిసి ఆడపిల్లల చదువుకు మద్రాసులో చేసిన పని చిన్నది కాదు. వాళ్ళ కోడలు కృపాబాయి ఇంగ్లీషులో నవలలు రాసిన తొలితరం భారతీయ స్త్రీలలో ఒకరు. ఆ ఇంటినుంచి లోకానికి మేలే జరిగింది. అయినా ఎక్కడో ఒక తల్లి తిరువేంగడం అని పిలుస్తూ కూర్చునే ఉంటుంది. రెండూ నిజమే. మా అవ్వ వీధి దాటి నడిచింది రెండో నిజానికి భయపడి. ఆ భయాన్ని మూఢత్వం అనకుండా చాపమీద కూర్చుని జవాబు చెప్పినవాడు మా అయ్యరుగారు.

ఇంకొక సంగతి. ఇరవై ఎనిమిదో అధికరణానికి రెండు మెట్లు పైన ముప్ఫయ్యోది ఉంది. మతంవల్ల గాని భాషవల్ల గాని అల్పసంఖ్యాకులైనవారు తమ బడులు తాము పెట్టుకుని నడుపుకోవచ్చునని దాని సారం. ఆయన బడి నిలిచింది మతం పేరిట ఆ అధికరణం మీద. మన తెలుగు బడులు నిలవవలసిందీ భాష పేరిట దానిమీదే. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన తరవాత మనవాళ్ళు సభల్లోనూ కోర్టుల్లోనూ ఆ హక్కు గురించే మాట్లాడారు. మాట్లాడవలసిందే. కాని నేను సభలో కూర్చున్నప్పుడల్లా నాకు వెస్ట్రీ గదిలోని కుర్చీ జ్ఞాపకం వస్తుంది. హక్కు ఉందని చెప్పడానికి ఒక మనిషి ఇంటిదాకా రావాలి. వాడుకున్న పిల్లవాణ్ణి వరండాలో నిలబెట్టకుండా కుర్చీ వేయడానికి ఒక మనిషి ఉండాలి. ఆపైన, ఇదిగో నీ భాష, చదువు అన్నప్పుడు సిగ్గుపడకుండా నిలబడడానికి ఒక పిల్లవాడు కావాలి. మొదటి రెండూ నాకు దొరికాయి. మూడోది నేను కాలేకపోయాను.

సగమే సరైన కొలత అని ఆయన అన్నమాట అర్థం కావడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. తన మతం ఆయన ఒక్క ముక్క వదులుకోలేదు. బుధవారం అంగీ తొడుక్కుని తన దేవుణ్ణి తాను నిండుగా కొలిచారు. మిగతా సగం, తన సమయమూ తన తెలుగూ, గోడకు ఇవతల కూర్చున్నవాడికి కప్పి వెళ్ళారు.

మా నాయన పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే కార్బను కాపీ దొరికింది. నీలం మాసి అక్షరాలు పొగలా ఉన్నాయి. నాలుగు వాక్యాలు, కింద మా నాయన ఇంగ్లీషు సంతకం. ఆ సంతకం కింద, మా అయ్యరుగారి చేతిరాతతో తెలుగులో ఒక చిన్న పంక్తి. చదివి వినిపించాను, తండ్రిగారు ఒప్పుకొన్నారు, అని. ఆ రోజు ఆ పంక్తి రాసిన సంగతి మాకెవరికీ తెలియదు. తెలుగు చదవలేని మా నాయన దాన్ని అంతకాలం దాచుకున్నాడు. చదవడం నేర్చుకున్న నేను అప్పుడే మొదటిసారి చదివాను.